517501 నుంచి పీహెచ్‌డీ ఇంటర్వ్యూ గది దాకా

తిరుపతి పిన్‌కోడ్ 517501. అది ప్రధాన సంఖ్య. చిత్తూరు పిన్‌కోడ్ 517001. అది కాదు, 37, 89, 157 మూడింటినీ గుణిస్తే వస్తుంది. నంబర్ థియరీలో పీహెచ్‌డీ చేయాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థులకు ఇంటర్వ్యూలో ఏం చూస్తారో చెప్పడానికి ఈ రెండు సంఖ్యలూ చాలు. అందుకే అర్హత మార్కులు, దరఖాస్తుల కన్నా ముందు వీటి సంగతి చెబుతాను.

517501 ప్రధానమో కాదో తేల్చాలంటే దాని వర్గమూలం, అంటే సుమారు 719.4 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 128 ఉన్నాయి. కానీ ముందుగా ఒక్క విషయం గమనిస్తే సగానికి పైగా పని తప్పిపోతుంది. 170 వర్గం 28,900; 699 వర్గం 4,88,601; రెండూ కలిపితే సరిగ్గా 5,17,501. పైగా 170కీ 699కీ ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి రెండు వర్గాల మొత్తాన్ని, 4తో భాగిస్తే 3 శేషం మిగిలే ప్రధాన సంఖ్య ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. కాబట్టి 3, 7, 11, 19, 23 లాంటివన్నీ ఒక్క దెబ్బకు పక్కకు పోతాయి. 517501 బేసి సంఖ్య కనుక 2 కూడా పోతుంది. ఇక మిగిలేవి 5, 13, 17, 29 ఇలా 709 దాకా, మొత్తం 61. వాటిలో ఏదీ భాగించదు. పని అయిపోయింది.

ఇప్పుడు చిత్తూరు. తిరుపతి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. చిత్తూరు సంఖ్యను నాలుగు విధాలుగా రాయొచ్చు: 76, 715 వర్గాలు కలిపినా, 160, 701 వర్గాలు కలిపినా, 245, 676 వర్గాలు కలిపినా, 451, 560 వర్గాలు కలిపినా 517001 వస్తుంది. కావాలంటే కాగితం మీద వేసి చూడండి.

ఎందుకు నాలుగే? ఇంటర్వ్యూలో అసలు ప్రశ్న ఇది. సమాధానం పూర్ణాంకాల్లో దొరకదు. √−1ని చేర్చుకున్న గాస్ పూర్ణాంకాల్లోకి వెళ్లాలి. అక్కడ 37 అంటే (6+√−1)(6−√−1). 89 అంటే (8+5√−1)(8−5√−1). 157 అంటే (11+6√−1)(11−6√−1). ఒక్కో జంట నుంచి ఒక్కటి ఎంచుకుని మూడింటినీ గుణిస్తే a+b√−1 రూపంలో ఒక సంఖ్య వస్తుంది; ఆ a, b వర్గాలు కలిపితే 517001, అదే ఒక జవాబు. ఎంపికలు రెండు రెండు చొప్పున 8. మూడు ఎంపికలనూ ఒకేసారి జంటలోని రెండోదానికి మార్చేస్తే వచ్చేది అదే జవాబు కనుక సగానికి 4. గాస్ పూర్ణాంకాల్లో కారణాంక విభజన ఒకే విధంగా జరుగుతుందన్న సిద్ధాంతం ఉంది కాబట్టే ఐదో విధానం ఉండదని ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమేనని ఫెర్మా 1640లో చెప్పాడు. దాన్ని నిరూపించింది ఆయిలర్, తర్వాతి శతాబ్దంలో.

ఇంతవరకూ చెప్పిన విద్యార్థిని ప్రొఫెసర్ ఇంకో మెట్టు ఎక్కిస్తారు. √−1 బదులు √−5 చేర్చుకుంటే? అక్కడ 6 అనేది 2×3 అవుతుంది, (1+√−5)(1−√−5) కూడా అవుతుంది. ఈ నాలుగూ ఇంకా విడిపోనివే, ఒకదానితో ఒకటి సమానమైనవీ కావు. కారణాంక విభజన రెండు దారులుగా చీలిపోయింది. ఇదే చోట విద్యార్థులు తడబడతారు. ‘యూఎఫ్‌డీ కాదు’, అంటే కారణాంక విభజన ఒకే విధంగా జరిగే చోటు కాదు అనే మాట అందరికీ వస్తుంది. 2 విడిపోదని ఎలా చూపిస్తావంటే చేయి ఆగిపోతుంది. నార్మ్ వాడాలి, a+b√−5కి అది a²+5b²: 2 నార్మ్ 4, అది విడిపోవాలంటే నార్మ్ 2 ఉన్న సంఖ్య కావాలి, ఒక వర్గానికి ఇంకో వర్గానికి ఐదు రెట్లు కలిపితే 2 ఎప్పటికీ రాదు. రెండు వాక్యాల పని. ఆ రెండు వాక్యాలు బోర్డు మీద తప్పు లేకుండా రాస్తే, నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు చెప్పని విషయం కమిటీకి తెలుస్తుంది. సంఖ్యలు చెదిరిన చోట వాటి బదులు ఐడియల్స్ అనే సంఖ్యల సమితులను పట్టుకుంటే విభజన మళ్లీ ఒక్కటే అవుతుందనీ, ఎంత చెదిరిందో కొలిచే క్లాస్ నంబర్ ఇక్కడ 2 అనీ కూడా చెప్పగలిగితే ఇంటర్వ్యూ సగం గెలిచినట్టే.

ఒక చిన్న మాట. తెలుగులో దీన్ని సంఖ్యాశాస్త్రం అంటే జనానికి పేరులో అక్షరాలు మార్చుకునే వ్యవహారం గుర్తుకొస్తుంది. సంఖ్యా సిద్ధాంతం అనే మాట పుస్తకాల్లో ఉంది కానీ తిరుపతి హాస్టళ్లలోనూ స్టాఫ్‌రూముల్లోనూ అందరూ అనేది నంబర్ థియరీయే. నేనూ అలాగే రాస్తాను.

నంబర్ థియరీ అనేది ఒక్క సబ్జెక్టు కాదన్నది దరఖాస్తు చేసేవాళ్లలో ఎక్కువమంది పట్టించుకోని విషయం. ఒకరు ఎల్-ఫంక్షన్ల మీద పనిచేస్తారు. వాళ్ల దగ్గర రోజువారీ పనిముట్టు కాంప్లెక్స్ అనాలిసిస్. ఇంకొకరు క్లాస్ గ్రూపుల మీద; వాళ్లకు గాల్వా థియరీ, కమ్యూటేటివ్ ఆల్జీబ్రా లేనిదే పూట గడవదు. మరొకరు మాడ్యులర్ ఫారాలు. ఇంకొకరు పార్టిషన్లు (ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా రాసే విధాలు), క్యూ-సిరీస్‌లు. మన విశ్వవిద్యాలయాల్లో గ్రాఫ్ థియరీకీ నంబర్ థియరీకీ మధ్య ఉన్న పని కూడా కనిపిస్తుంది. ఆయిలర్ టోషెంట్ కేలీ గ్రాఫులు అలాంటివే. ప్రొఫెసర్ పేజీలో ‘నంబర్ థియరీ’ అని చూసి ఆగిపోతే వీటిలో ఏదో తెలియదు. ఆ ప్రొఫెసర్ పేపరు మొదటి పేజీలోనో చివర్లోనో ఉండే సబ్జెక్ట్ క్లాసిఫికేషన్ అంకె చూడండి. నంబర్ థియరీకి మొదటి రెండంకెలు 11. ఆ తర్వాతి అక్షరం అసలు కథ చెబుతుంది: 11ఎఫ్ అయితే మాడ్యులర్ ఫారాలు, 11ఎమ్ అయితే జీటా, ఎల్-ఫంక్షన్లు, 11ఆర్ అయితే ఆల్జీబ్రాయిక్ నంబర్ థియరీ, 11డి అయితే డయొఫాంటైన్ సమీకరణాలు, 11పి అయితే పార్టిషన్లు, సంకలన సమస్యలు. 05సి కనిపిస్తే అది గ్రాఫ్ థియరీ వైపు. గణిత పేపర్ల డేటాబేస్ జెడ్‌బీమ్యాథ్ 2021 నుంచి అందరికీ ఉచితం. గత ఐదేళ్ల పేపర్లు అందులో తీసి, ఏ అంకె ఎన్నిసార్లు వస్తుందో చూస్తే పావుగంటలో తేలిపోతుంది.

తిరుపతికి ఈ సబ్జెక్టుతో ఉన్న బంధం కొత్తదేమీ కాదు. గుంటూరు ప్రాంతపు యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1963లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పార్టిషన్ ఫంక్షన్ విలువలు ఏ అంకశ్రేఢిలో చూసినా అనంతంగా సరిసంఖ్యలూ, అనంతంగా బేసిసంఖ్యలూ అవుతాయని ఆయన ఊహించారు. అందులో సరిసంఖ్యల భాగాన్ని కెన్ ఓనో నిరూపించాడు. బేసి భాగం 2012లో సిల్వియు రాడు చేతిలో పూర్తయింది.

ఆయన పనిలో ఎమ్మెస్సీ విద్యార్థి ఈరోజే చేతిలోకి తీసుకోగలిగింది యూనిటరీ పర్ఫెక్ట్ సంఖ్యలు. వారెన్ అనే గణితవేత్తతో కలిసి 1966లో మొదలుపెట్టారు. ఒక సంఖ్యను ఒక భాజకంతో భాగిస్తే వచ్చే ఫలితానికీ ఆ భాజకానికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే దాన్ని యూనిటరీ భాజకం అంటారు. 60కి 1, 3, 4, 5, 12, 15, 20 అలాంటివి (60ని వదిలేస్తే). కూడండి: 60. 6, 90, 87360 కూడా అంతే. ఐదోది 24 అంకెల సంఖ్య. ఆరోది ఇప్పటివరకూ దొరకలేదు, లేదని నిరూపించినవాళ్లూ లేరు. కానీ బేసి సంఖ్య ఒక్కటి కూడా ఇలా ఉండదని నాలుగు వరుసల్లో చెప్పొచ్చు. సంఖ్యను ప్రధానాల ఘాతాలుగా (60 అయితే 4, 3, 5గా) విడగొట్టి, ఒక్కో ఘాతానికి 1 కలిపి అన్నీ గుణిస్తే, ఆ సంఖ్యతో సహా యూనిటరీ భాజకాలన్నిటి మొత్తం వస్తుంది. అది సంఖ్యకు రెండింతలు కావాలి. బేసి ఘాతానికి 1 కలిపితే సరిసంఖ్య, కాబట్టి ఎన్ని ఘాతాలుంటే అన్ని 2లు ఎడమవైపు చేరతాయి. కుడివైపు ఉన్నది ఒక్క 2. అంటే ఘాతం ఒక్కటే ఉండాలి. అప్పుడు ఘాతం+1 అనేది ఘాతానికి రెట్టింపు కావాలి, ఆ ఘాతం 1 కావాలి. కుదరదు. పరిశోధన ప్రతిపాదనలో రీమన్ హైపోథీసిస్ నిరూపిస్తానని రాసే వాళ్లు ఏటా ఉంటారు. దాని బదులు ఇలాంటి ఒక నిరూపణను సొంత మాటల్లో రాసి, 9తో భాగింపబడే వాటికి పరిమితం చేస్తే ఏమవుతుందో చూడాలనుకుంటున్నానని చెప్పే విద్యార్థి మాటకు కమిటీలో చాలా విలువ ఉంటుంది.

ఇక ప్రవేశాలు. తిరుపతి చుట్టుపక్కల దారులు రెండు రకాలు. ఒకటి ఎస్వీయూ, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. వీటికి యూజీసీ 2022 నవంబర్ నిబంధనలు వర్తిస్తాయి. రెండోది ఏర్పేడు మండలంలోని ఐఐటీ, ఐసర్. రెండూ 2015లో మొదలయ్యాయి, రెండిటికీ సొంత నియమాలున్నాయి. ఒకదాని నోటిఫికేషన్ చదివి ఇంకోదానికి అవే షరతులనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

యూజీసీ లెక్క ఇది. మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎమ్మెస్సీ, లేదా నాలుగేళ్ల డిగ్రీ తర్వాత ఏడాది ఎమ్మెస్సీ, 55 శాతం మార్కులతో ఉండాలి. ఎమ్మెస్సీ లేకుండా నాలుగేళ్ల డిగ్రీతోనే రావాలంటే 75 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు. ప్రవేశ పరీక్ష విశ్వవిద్యాలయమే పెడితే సగం ప్రశ్నలు రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. రాష్ట్రంలో ఇందుకు ఏపీ ఆర్‌సెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. మ్యాథ్స్ విద్యార్థులు మెథడాలజీ సగాన్ని నిర్లక్ష్యం చేస్తారు. గ్రూపులు, రింగులు కంఠతా వచ్చినవాళ్లు కూడా శాంప్లింగ్, సైటేషన్, ప్లేజియరిజం ప్రశ్నల దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. పది రోజులు కూర్చుంటే ఆ సగం వచ్చేస్తుంది.

2024 జూన్ నుంచి జాతీయ అర్హత పరీక్ష నెట్‌కు మూడు కేటగిరీలు వచ్చాయి. మొదటిది ఫెలోషిప్ ఇచ్చే జేఆర్‌ఎఫ్, రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ, మూడోది పీహెచ్‌డీకి మాత్రమే. రెండు, మూడు కేటగిరీల్లో వచ్చిన మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతాయి. వాటికి 70, ఇంటర్వ్యూకు 30 శాతం. ఏడాది దాటిన రిజల్టుతో వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లున్నారు, తేదీ చూసుకోండి. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. మ్యాథ్స్ వాళ్లకు ఎన్‌బీహెచ్‌ఎమ్ (జాతీయ ఉన్నత గణిత మండలి) స్కాలర్‌షిప్ పరీక్ష వేరేగా ఉంటుంది, దాన్ని వదలకండి. ఆ తరహా ప్రశ్నలు నంబర్ థియరీకి కావాల్సిన ఆలోచనకు దగ్గరగా ఉంటాయని నా అభిప్రాయం. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

సీఎస్‌ఐఆర్ నెట్ మ్యాథ్స్ పేపరు 200 మార్కులు, మూడు గంటలు. ఎ భాగంలో 20లో 15 రాయాలి, రెండేసి మార్కులు. బి భాగంలో 40లో 25, మూడేసి. ఈ రెండింటిలో తప్పుకు నాలుగో వంతు పోతుంది. సి భాగంలో 60లో 20, ఒక్కోటి 4.75. సి భాగంలో నెగటివ్ మార్కులు లేవు కానీ ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. అన్నీ గుర్తిస్తేనే మార్కు, మూడు సరైనవాటిలో రెండు పెడితే సున్నా. సిలబస్‌లో నంబర్ థియరీకి దక్కింది ఒక్క వరుస: భాజనీయత, కాంగ్రూయెన్సులు, చైనీస్ రిమైండర్ థీరమ్, ఆయిలర్ ఫై ఫంక్షన్, ప్రిమిటివ్ రూట్లు. కాబట్టి నంబర్ థియరీ ఎంత ఇష్టమైనా పరీక్ష గట్టెక్కించేది లీనియర్ ఆల్జీబ్రా, రియల్, కాంప్లెక్స్ అనాలిసిస్, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా. ఇది బాధపడాల్సిన సంగతి కాదు. నంబర్ థియరీ పరిశోధనకు పునాది కూడా సరిగ్గా అవే. కాంప్లెక్స్ అనాలిసిస్‌లో రెసిడ్యూల దాకా, ఆల్జీబ్రాలో గాల్వా థియరీ దాకా రాకపోతే చేరిన మొదటి ఏడాదంతా వాటికే పోతుంది. మన ప్రాంతంలో చాలా ఎమ్మెస్సీ సిలబస్‌లలో గాల్వా థియరీ చివరి యూనిట్‌గా ఉండి, పరీక్షలకు ముందు రెండు క్లాసుల్లో ముగుస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి వేసవిలో ఎమ్‌టీటీఎస్ గణిత శిక్షణ శిబిరాలు, ఆ పైన నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ వాళ్ల యాన్యువల్ ఫౌండేషన్ స్కూళ్లు ఉన్నాయి. నంబర్ థియరీకి పేరున్న గణిత పరిశోధన సంస్థలు ఐఎమ్‌ఎస్‌సీ, సీఎమ్‌ఐ తిరుపతికి బస్సులో మూడు నాలుగు గంటల దూరంలో చెన్నైలోనే ఉన్నాయి.

గైడ్ విషయంలో అడగాల్సిన ప్రశ్నలు మర్యాద కోసం మింగేస్తుంటారు, అది వద్దు. యూజీసీ నియమం ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది మాత్రమే ఉండొచ్చు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు సర్వీసున్న వాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. పేరున్న ప్రొఫెసర్ కోసమే ఏడాది ఆగి, తీరా ఆయనకు రెండున్నరేళ్లే మిగిలాయని ఇంటర్వ్యూ రోజు తెలుసుకోవడం కన్నా ముందే అడగడం నయం. మెయిల్ ఎనిమిది వరుసలు మించకూడదు: ఎమ్మెస్సీ ఎక్కడ, ఏ పరీక్ష ఏ ర్యాంకు, సార్ లేదా మేడమ్ పేపర్లలో ఏది ఎంతవరకు చదివారు, ఎక్కడ ఆగిపోయారు, ఖాళీ ఉందా. ‘ఎక్కడ ఆగిపోయారు’ అన్న వరుసకే జవాబు వస్తుంది. పేరు మార్చి నలభై మందికి పంపిన మెయిల్‌ను ఏ ప్రొఫెసరైనా మొదటి వాక్యంలోనే పట్టేస్తారు.

సర్టిఫికెట్ల దగ్గర జరిగే నష్టం చదువుతో సంబంధం లేనిది, అందుకే ఎక్కువ బాధ. మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న బీసీ సర్టిఫికెట్ ఎస్వీయూకు సరిపోతుంది. ఐఐటీ, ఐసర్‌లకు కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ముందు అది చూసుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ఆర్థిక సంవత్సరం గడువుంటుంది, నిరుటిది పనికిరాదు. ఎమ్మెస్సీ మార్కులు సీజీపీఏలో ఉంటే శాతంలోకి మార్చే సూత్రంతో విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. సొంతంగా పదితో గుణించి రాస్తే పరిశీలనలో ఆగిపోతుంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేరేవాళ్లకు యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తప్పనిసరి. కాలేజీ లెక్చరర్లు దీన్ని చివరి వారానికి వదిలేస్తారు, యాజమాన్యం సంతకానికి నెల పడుతుంది.

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అందులో రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ ఉంటుంది, 55 శాతం రావాలి. కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. ఆ తర్వాత రెండేళ్లు పొడిగింపు, మహిళలకు, దివ్యాంగులకు ఇంకో రెండేళ్లు. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు అచ్చు కావాలన్న పాత షరతు 2022 నిబంధనల్లో లేదు, కానీ సొంత షరతులు పెట్టుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. డబ్బు కట్టించుకుని వారంలో వేసే పత్రికల జోలికి పోవద్దు. నంబర్ థియరీలో మంచి పత్రిక ఒక పేపరును చూడ్డానికి ఆర్నెల్ల నుంచి ఏడాదికి పైగా తీసుకోవడం మామూలే, కాబట్టి మొదటి ఫలితాన్ని రెండో ఏడాది చివరికల్లా పంపేలా చూసుకోవాలి.

చేరేలోపు నెలన్నర ఖాళీ దొరికితే పారీ-జీపీ అనే నంబర్ థియరీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోండి, ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మొదటి పనిగా 517501 నుంచి 517599 దాకా ఒక్కో సంఖ్యకూ కారణాంకాలు రాబట్టండి, రెండు వర్గాల మొత్తంగా ఎన్ని విధాలుగా వస్తుందో లెక్కపెట్టండి. వచ్చిన లెక్కను కారణాంకాలతో పోల్చి, సూత్రం మీరే రాయండి. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానం ఘాతాంకం బేసి అయితే ఎందుకు సున్నా వస్తుందో, అలాంటి వాటన్నిటి ఘాతాంకాలూ సరి అయితే ఎందుకు రాదో ఆ తొంభై తొమ్మిది వరుసల్లోనే కనిపిస్తుంది.